మూడో కట్టు నాటి మాట

కాలిన మనిషి మొదటి కట్టు నాడు అబద్ధం చెబుతాడు. రెండో కట్టు నాడు నోరు విప్పడు. మూడో కట్టు నాడు, ఎవరూ అడక్కుండానే, జరిగింది చెబుతాడు. ముప్పై నాలుగేళ్లు కాలిన గాయాలకు కట్లు కట్టిన సువర్ణమ్మ తేల్చుకున్న సంగతి ఇది. నర్సీపట్నంలో ఆమె ఇంటిపేరు ఎరిగినవాళ్లు తక్కువ. కట్ల సువర్ణమ్మ అంటే చాలు, ఆటోవాళ్లు చర్చి వెనక సందులో దింపేస్తారు.

ఆమె నర్సు కాదు. ఊళ్లో సర్కారు ఆస్పత్రిలో ఆర్డర్లీగా చేరింది. మిషన్ వాళ్ల దవాఖానాలో తల్లి కట్లు కడుతుంటే చూసి నేర్చుకున్న పని ఉద్యోగంలో పనికొచ్చింది. రిటైరై మూడేళ్లయినా పని మానలేదు. విశాఖలో చికిత్స చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు, వారానికి రెండుసార్లు అంత దూరం పోలేనివాళ్లు, మంగళవారాలు, శుక్రవారాలు ఆమె అరుగు మీద కూర్చుంటారు. పాత కట్టును ఆమె ఎప్పుడూ లాగదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, అదే వదిలేదాకా కూర్చుంటుంది. గంట పట్టినా సరే. మాటలు బయటికొచ్చేది ఆ గంటలోనే.

ఆమె దగ్గరొక పొడుగు పుస్తకం ఉంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస, వరసకు మూడు గళ్లు. మొదటి గడిలో పేరు, ఊరు. రెండో గడిలో మొదటి రోజు చెప్పిన కారణం. మూడో గడిలో మూడో కట్టు నాడు చెప్పిన కారణం. బుధవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనలో మొదటి గడి మాత్రమే పైకి చదువుతుంది. మిగతా రెండూ ఎందుకు రాస్తావని పాస్టరుగారు ఒకసారి అడిగితే, "కరెంటు లోపల కాల్సుద్ది, బెల్లప్పాకం పైన పట్టుకుంటాది, అయ్యగారూ. ఏటితో కాలిందో తెలకుండా కట్టెలా కడతాను?" అంది. కొన్ని వరసల్లో మూడో గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు.

గణేశ్వరరావు వచ్చింది ఒక మంగళవారం. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో కంపెనీ కార్డు, చేతిలో ట్యాబ్. ఆ సమయానికి అరుగు మీద కొండన్న ఉన్నాడు. కొండన్న ఊరు కృష్ణదేవిపేట దాటి కొండెక్కాక వచ్చే చింతలగొంది. కుడిచెయ్యి కరెంటుకి కాలింది. విశాఖలో తొడ చర్మం తీసి అరచేతికి వేశారు. వేలికీ వేలికీ మధ్య గుడ్డ పెట్టి విడివిడిగా కట్టకపోతే పచ్చి మీద పచ్చి అతుక్కుపోతుందని, కట్టు ఒక్క వారం తప్పినా వేళ్లు దక్కవని సువర్ణమ్మ అతనికి మొదటి రోజే చెప్పింది. అతను తప్పలేదు. ఐదు గంటలకే కొండ దిగి, షేర్ ఆటో పట్టుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు.

మొదటి కట్టు నాడు మోటారు స్టార్టర్ పేలిందన్నాడు. మూడో కట్టు నాడు, చేను పాడుచేస్తున్న పందుల కోసం కరెంటు లైనుకి కొక్కెం తగిలించి తీగ లాగానని, తీగ సరిచేస్తుంటే కాలిందని చెప్పాడు. పోలీసులకు తెలిస్తే జైలు. ఆ మాట ఇంట్లో అతని భార్య గున్నమ్మకి, ఇక్కడ సువర్ణమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

గణేశ్వరరావు ట్యాబ్ తెరవగానే కొండన్న చెయ్యి బిగుసుకుంది.

"ఎవుడమ్మా ఆడు? పోలీసేటి?"

"పోలీసోడికి అంత మెత్తటి చెప్పులుంటాయేటిరా? కదలకు," అని సువర్ణమ్మ అటు తిరిగింది. "ఎవరు బాబూ నువ్వు? కాలిందా?"

"లేదాంటీ. సర్వే." అతను చెప్పులు విప్పి అరుగెక్కాడు. "మా కంపెనీ ఇటువైపు ఇరవై పడకలతో కాలిన గాయాల ఆస్పత్రి పెట్టే ఆలోచనలో ఉంది. నర్సీపట్నమా, యలమంచిలా, పాయకరావుపేటా అన్నది తేలాలి. డిమాండ్ ఎక్కడుంటే అక్కడ. దేశమంతా ఈ మార్కెట్ ఏటేటా పెరుగుతోంది."

"కాలినోళ్లు పెరుగుతున్నారనా నీ సంబరం?"

అతను నవ్వాడు. నవ్వుతూనే కళ్లు పక్కనున్న పొడుగు పుస్తకం మీదికి పోయాయి. సువర్ణమ్మ పుస్తకాన్ని తుండుగుడ్డ కిందికి జరిపింది.

గురువారం అతను మళ్లీ వచ్చాడు, స్వీటు డబ్బాతో. ఈసారి విషయం విడమరిచి చెప్పాడు. ఆస్పత్రి రిజిస్టర్లలో చాలామంది 'విశాఖకు పంపడమైనది' అన్న ఒక్క ముక్కతో పోతున్నారు. ఎక్కడివాళ్లు, ఎందుకు కాలారు, తర్వాత ఏమయ్యారు అన్నది ఏ కాగితంలోనూ లేదు. ఆమె పుస్తకంలో ఉందని చర్చిలో ఎవరో చెప్పారు. ఆ పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు ఇస్తే నర్సీపట్నం పేరు పైకొస్తుంది. ఆమెకు ఫీల్డ్ కోఆర్డినేటర్ కార్డు కూడా ఇస్తారు.

"లెక్క కావాలంటే లెక్కిస్తాను. పేర్లెందుకు?"

"వెరిఫికేషనాంటీ."

"ఫోన్లు?"

"అదీ వెరిఫికేషనే."

ఒకే జవాబు రెండు ప్రశ్నలకు సరిపోయినప్పుడు సువర్ణమ్మకి నచ్చదు. అయినా అతన్ని వెంటనే పొమ్మనలేకపోయింది. ఆంబులెన్సులో రోగి పక్కన కూర్చుని ఆమె విశాఖ బయల్దేరింది పదకొండు సార్లు. అందులో నాలుగు సార్లు అనకాపల్లి చేరకముందే బండి వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది. తొంభై కిలోమీటర్ల రోడ్డు ఆమెకు మలుపు మలుపునా తెలుసు. ఇక్కడే మంచాలు పడితే ఆ రోడ్డు తగ్గుతుంది. కానీ మంచాలు వేసేవాడికి ఫోన్ నంబర్లతో ఏం పని?

పరీక్ష పెట్టి చూద్దామనుకుంది. శనివారం ఒక తెల్లకాగితం మీద ఆరు పేర్లు రాసింది. ఆరుగురూ ఆమె పుస్తకంలోవాళ్లే. ఆరుగురూ చనిపోయినవాళ్లే. చచ్చిపోయినవాళ్ల పేరుతో ఎవరూ ఎవరికీ కీడు చేయలేరని ఆమె ధీమా. ఐదుగురి పక్కన ప్రార్థనకొచ్చే ఐదుగురు ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, వాళ్లకు చెప్పి మరీ, వేసింది. ఆరో పేరు మత్స్యలింగం. మూర్ఛ వచ్చి చలిమంటలో పడి ఐదేళ్ల కిందట పోయాడు. కొండ మీద సిగ్నల్ ఉండదు, అక్కడి మనిషికి ఫోన్ రాస్తే దొరికిపోతామని ఆ గడి వదిలేసి ఊరు మాత్రం రాసింది. చింతలగొంది.

బుధవారం ప్రార్థనలో మొదటి ఫోన్ మోగింది. రూతమ్మ సంచిలోంచి తీసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టింది.

"నమస్తే మేడమ్. సోములుగారి ఇల్లేనా? వారి కాలిన మచ్చల గురించి మాట్లాడాలండీ."

"సెప్పండి," అంది రూతమ్మ, ముసుగు సర్దుకుంటూ.

"మా దగ్గర మచ్చలు తగ్గించే ప్యాకేజీ ఉందండీ. నెలనెలా కట్టుకోవచ్చు. సార్‌తో ఒకసారి మాట్లాడొచ్చా?"

"మాటాడొచ్చు గానీ బాబూ, ఆయన పరలోకంలో ఉన్నాడు. అక్కడికి కలుస్తాదేటి మీ ఫోను?"

చాప మీద నవ్వులు రేగాయి. అవి సద్దుమణగకముందే ఎస్తేరమ్మ ఫోన్ మోగింది.

"ఓలమ్మో, నాకూ వొచ్చీసింది! నా మొగుడెవులే సువర్ణమ్మక్కా, ఏ పేరు రాసినావు?"

"పైడితల్లి. మొగుడు కాదు, ముసిల్ది."

"ఆ ముసిల్దే నాకు సుట్టం కావాలా?"

పాస్టరుగారి భార్య గొంతు సవరించుకున్నా లాభం లేకపోయింది. సాయంత్రానికి ఐదు ఫోన్లూ మోగాయి. ఐదింటిలోనూ మచ్చల సంగతే. కాలినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లారు, ఎంతసేపు పట్టింది, దారిలో ఏమైంది అని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు గణేశ్వరరావు వచ్చినప్పుడు స్వీటు డబ్బా లేదు.

"ఆంటీ, మీరిచ్చినవాళ్లంతా చచ్చిపోయినవాళ్లు. ఆఫీసులో నన్ను పీకేసేలా ఉన్నారు."

"ఆళ్లు సచ్చిపోయినారని నీకెలా తెలిసింది? మచ్చల ప్యాకేజీ అమ్మబోతే తెలిసింది. అవునా?"

అతను దాచకుండానే చెప్పాడు. "ఆస్పత్రి నడవాలంటే చేతి నుంచి డబ్బు పెట్టుకునేవాళ్లుండాలాంటీ. మచ్చలకి ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని తేలితేనే కంపెనీ కాలినవాళ్లకి మంచం వేస్తుంది. నేను కనిపెట్టిన పద్ధతి కాదిది."

"అంటే కాలినోడు డిమాండ్ కాదు."

"కాదు. కట్టుకోగలిగినవాడు డిమాండ్."

"మరి మొదటి రోజే ఆ ముక్క సెప్పొచ్చుగా?"

"చెబితే ఎవరైనా పేర్లిస్తారా?" అని అతను చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "ఐదు ఫోన్లూ చర్చివాళ్లవే. ఆ కొండ మీది పేరుకి ఫోన్ కూడా లేదు, ఇద్దరు మనుషుల్ని బండి మీద పంపాల్సొచ్చింది."

ఆ ఆఖరి మాట సువర్ణమ్మ చెవిన పడింది. పట్టించుకోలేదు. గెలిచిన ఊపులో ఉంది.

శుక్రవారం కొండన్న రాలేదు. జ్వరమో, కూలిపనో అనుకుంది. మంగళవారమూ రాలేదు. మళ్లీ శుక్రవారం మధ్యాహ్నం దాకా చూసి, ఆటో స్టాండుకి వెళ్లి కృష్ణదేవిపేట ఆటో నడిపే ఈశ్వరరావుని అడిగింది.

"ఆడా? కొండ దిగట్లేదమ్మా. కిందటి వారం ఇద్దరు బండేసుకుని ఆ ఊరెల్లినారంట. మెళ్లో కార్డులు, సేతిలో పలకలాటి ఫోను. మత్స్యలింగం ఏడీ అని అడిగినారంట. సచ్చిపోనాడంటే, పోనీ కాలినోళ్లు ఇంకెవులున్నారు, ఫొటో తీసుకుంటాం అన్నారంట. ఆ రోజు నుంచీ కొండన్న జాడ లేదు."

సువర్ణమ్మ స్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుంది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆఖరి కట్టు కట్టి పది రోజులు.

శనివారం పొద్దున్నే ఆమె సంచిలో గుడ్డ, మందు, ఉప్పు, పొడుగు పుస్తకం పెట్టుకుని బయల్దేరింది. తారు ఆగిన చోట ఈశ్వరరావు ఆటో ఆపాడు. అక్కణ్నుంచి గంటన్నర నడక. అరవై మూడేళ్ల మోకాళ్లకి రెండు గంటలు పట్టింది.

గున్నమ్మ వాకిట్లో అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. తలెత్తి చూసి, మళ్లీ ఆకుల్లోకి దించేసుకుంది.

"కొండన్న ఏడీ?"

"లేడు."

"ఎక్కడికెల్లినాడు?"

"తెల్దు."

"కట్టు మార్సి పదకొండు రోజులైందే. కుళ్లిపోద్ది."

"ఏ కట్టు?"

సువర్ణమ్మ అరుగు అంచున కూర్చుంది. మంచినీళ్లు అడిగింది. గున్నమ్మ ఇవ్వలేదు.

"ఆడు నీ కాడ నిజం సెప్పినాడు," అంది గున్నమ్మ, పుల్ల విరుస్తూ. "నువ్వు పుస్తకంలో రాసుకున్నావు. పుస్తకం అమ్మీసినావు. అందుకే ఆలొచ్చినారు."

"అమ్మలేదు."

"మరి మత్స్యలింగం పేరు ఆలకెలా తెలిసింది? ఆడు పోయి ఐదేళ్లు. కిందనున్నోళ్లలో ఆడి పేరు నీకు తప్ప ఎవులికి తెలుసు?"

తప్పించుకునే దారి ఉంది. ఆస్పత్రి రిజిస్టరు మీదికి నెట్టేయొచ్చు. సువర్ణమ్మ నెట్టలేదు.

"నానే ఇచ్చినాను. ఆలు దొంగలో కాదో తెలుసుకుందారని ఇచ్చినాను. సచ్చిపోయినోడు గదా, ఆడికేటవుతాదనుకున్నాను."

"సచ్చిపోయినోడికి ఊరుండదేటి? ఆ ఊళ్లో బతికున్నోళ్లుండరేటి?"

సువర్ణమ్మ సంచిలోంచి పుస్తకం తీసి, కొండన్న పేరున్న పేజీ తెరిచి, గున్నమ్మ ఒళ్లో ఆకుల మీద పెట్టింది.

"నాకు సదువు రాదు."

"సదవక్కర్లేదు. సూడు. ఇది పేరు. ఇది మొదటి రోజు సెప్పిన మాట. ఇది మూడోనాటి మాట. పై వరస మూడు గళ్లూ నిండున్నాయి. దాని పైదీ అంతే. ఇదీ మీ ఆయన వరస."

మొదటి గడిలో రాత ఉంది. రెండో గడిలో రాత ఉంది. మూడోది తెల్లగా ఉంది.

గున్నమ్మ నమ్మలేదు. ఆ తెల్లటి చోటు మీద బొటనవేలితో రుద్దింది, చెరిపేసిన గరుకు తగులుతుందేమోనని. పుస్తకం ఎత్తి ఎండకి అడ్డంగా పట్టి చూసింది. వెనక పేజీలు తిప్పింది. అక్కడక్కడా అలాంటి తెల్లగళ్లు ఇంకా కనిపించాయి. ఒక్కో దాని మీద వేలు పెట్టి ఆగింది.

"ఇయ్యన్నీ?"

"రాస్తే జైలుకెల్లేవి. రాస్తే ఇల్లు కూలిపోయేవి. అవి రాయను. నా తలలో ఉంటాయి."

"నీ తలనెవులైనా అడిగితే?"

"నాకు ముసిలితనం వొచ్చీసింది, మర్సిపోనాను అంటాను."

గున్నమ్మ పుస్తకం మూసి, తిరిగి ఇచ్చేసింది. నవ్వలేదు. లేచి, పక్కింటి మేకల పాక వైపు తిరిగి, "వొచ్చీ, ఆలు కాదులే," అని కేకేసింది.

కొండన్న వంగి పాకలోంచి బయటికొచ్చాడు. చెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. సువర్ణమ్మ నీళ్లు కాయించి, ఉప్పు వేసి, చల్లార్చి మొదలుపెట్టింది. పదకొండు రోజుల గుడ్డ వదలడానికి గంటంబావు పట్టింది. అరచేయి బాగానే ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు విడిగానే ఉన్నాయి. మధ్యన పెట్టిన గుడ్డ ఎప్పుడో జారిపోయి, ఉంగరం వేలూ చిటికెనవేలూ సగం దాకా ఒకటైపోయాయి.

ఆమె ఆ రెండింటినీ ఒకసారి మెల్లిగా విడదీయబోయి ఆపేసింది.

"ఇయ్యి కొయ్యాల. నా పని కాదు. బేగి విశాఖ ఎల్లాల."

"అక్కడ మళ్లీ అడుగుతారు."

"అడుగుతారు. అప్పుడు సెప్పిందే సెప్పు. పక్కన నానుంటాను." ఆమె మిగతా మూడు వేళ్లకీ గుడ్డ పెట్టి, కట్టు ముడి వేసింది. "ఆ తీగ తీసీసినావా?"

"తీసీసినాను."

"సూపించు."

"నా మాట నమ్మవేటమ్మా?"

"నమ్మను. ఇంకొకడు కాలితే ఈ కొండెక్కడానికి నాకు మోకాళ్లు లేవు. సూపించు."

కొండన్న భార్య వైపు చూశాడు. గున్నమ్మ అటక మీద నుంచి జీఐ తీగ చుట్ట, కొక్కేలతో సహా, కిందికి లాగి పడేసింది. సువర్ణమ్మ దాన్ని సంచిలో కుక్కుకుంది. పుస్తకం పట్టలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని దిగింది. సోమవారం మొదటి బస్సుకి నర్సీపట్నంలో కలుసుకోవాలని మాట అయింది. వస్తానని కొండన్న అన్నాడు. తానూ వెంట వస్తానని గున్నమ్మ అంది. ఆమె వస్తే అతను వచ్చినట్టే.

తారురోడ్డు చేరాక సిగ్నల్ వచ్చింది. ఈశ్వరరావు ఆటో ఇంకా రాలేదు. సువర్ణమ్మ కిలోమీటరు రాయి మీద కూర్చుని గణేశ్వరరావుకి ఫోన్ చేసింది.

"చెప్పండాంటీ." గొంతులో అనుమానం. "ఈసారి ఎవరి పేరిస్తారు?"

"ముందు ఇది విను. ఆ కొండ మీదికి ఇంకెవుల్నీ పంపకు. పంపితే మీ కంపెనీ పేరు బుధవారం నాడు నానే పైకి సదువుతాను."

"సరే."

"ఇప్పుడు రాసుకో. నర్సీపట్నం, ఈ నెల, ఒకటి."

"పేరు?"

"లేదు."

"ఫోన్?"

"లేదు. కట్టుకోగలిగినోడూ కాదు. కుడిచెయ్యి. రెండు వేళ్లు అతుక్కుపోనాయి. కొయ్యడానికి తొంభై కిలోమీటర్లు ఎల్లాల. అలాటివి నా కాడ పదకొండొందలు పైన ఉన్నాయి. ఏ ఏడు ఎంతమందో, ఏ ఊరి వైపు నుంచో, ఏ వయసోళ్లో అన్నీ సెప్తాను. పేర్లు మాత్రం ఉండవు."

"పేరూ ఫోనూ లేకపోతే సిస్టమ్ తీసుకోదాంటీ."

"తీసుకోకపోతే కాగితం మీద రాయి. రాసి నీ పైవోడి బల్ల మీద పెట్టు. ఆడు సింపేస్తే సింపేసినాడని నాకు సెప్పు."

అవతల నుంచి కాగితం చప్పుడో, ఫ్యాను చప్పుడో తెలియకుండా ఏదో వినిపించింది.

"రాస్తున్నావా?"

"రాస్తున్నాను."

"రాసింది సదువు."

"నర్సీపట్నం. ఈ నెల. ఒకటి. ఎడమచెయ్యి, రెండు వేళ్లు..."

"కుడి," అంది సువర్ణమ్మ. "మళ్లీ రాయి."